ట్రాన్సిస్టర్‌లో ట్రాన్సిస్టర్ పోయింది

ట్రాన్సిస్టర్ ఏ రెండు మాటల కలయిక అని నిన్న ఒక అన్న అడిగితే, నలుగురు వెంటనే "ట్రాన్స్‌ఫర్, రెసిస్టర్ (కరెంటుకు అడ్డుపడే ముక్క)" అని రాసేశారు. ఇది సంధి అన్నవాళ్లూ ఉన్నారు. నేనూ ఇంటర్‌లో అదే బట్టీ పట్టాను. అయితే కొంచెం మెలిక ఉంది.

ముందు మా ఇంటి సంగతి. చిత్తూరు దగ్గర మా ఊళ్లో రేడియో అంటే బల్ల మీద కదలకుండా కూర్చునే చెక్కపెట్టె. ట్రాన్సిస్టర్ అంటే తోలు తొడుగేసుకుని తాత భుజాన వేలాడుతూ మడికాడికి పోయేది. సెల్లులు నీరసిస్తే అవ్వ వాటిని వడియాల పక్కన ఎండకు పెట్టేది, ఇంకో రెండు రోజులు వార్తలు వినపడేవి. ఒకసారి అది మూగబోతే తిరుపతిలో రిపేరుకు ఇచ్చాం. రిపేరు చేసేవాడు మూత విప్పి చూసి, "ట్రాన్సిస్టర్‌లో ట్రాన్సిస్టర్ పోయింది తాతా" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడని తాతకు కోపమొచ్చింది. ఆ పేరు అసలు లోపలుండి సిగ్నల్‌ను పెంచే మూడు కాళ్ల ముక్కదని తాతకెవరు చెప్పారు గనక!

ఆ ముక్క 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాలలో పుట్టింది. పేరు కోసం 1948లో వాళ్లలో వాళ్లు ఓట్లు వేసుకున్నారు. క్రిస్టల్ ట్రయోడ్, అయోటాట్రాన్ లాంటివి పోటీలో ఉన్నాయి. నెగ్గిన మాట అక్కడి ఇంజనీరు జాన్ పియర్స్ ఇచ్చింది. (ఈయన మారుపేరుతో సైన్స్ కథలు కూడా రాసేవాడు.) ఓట్ల కాగితంలోనే దాని పుట్టుక రాసి ఉంది: ట్రాన్స్‌కండక్టెన్స్ (ఒక వైపు వోల్టేజీ మారితే మరో వైపు కరెంటు ఎంత మారుతుందో చెప్పే కొలత) లేదా ట్రాన్స్‌ఫర్, దానికి వేరిస్టర్ (వోల్టేజీని బట్టి అడ్డు మారే ముక్క). రెసిస్టర్ కాదు! కాకపోతే వేరిస్టర్ కూడా వేరియబుల్‌నూ రెసిస్టర్‌నూ నరికి అతికించిందే, కాబట్టి ఆ నలుగురికీ సగం మార్కులు వేయొచ్చు.

దీన్ని సంధి అన్నవారితో మాత్రం నేను ఒప్పుకోను. మేన, అల్లుడు కలిసి మేనల్లుడు అయితే ఒక్క అచ్చు జారింది, రెండు మాటలూ ఇంకా కళ్లకు కనిపిస్తున్నాయి. ఇక్కడ రెసిస్ట్ అనే మాటను నడుము దగ్గర నరికారు. మిగిలిన "ఇస్టర్"కు సొంత అర్థమే లేదు. అయినా వేడిని బట్టి అడ్డు మారే థర్మిస్టర్ పేరులో ఉంది, 1971లో ప్రతిపాదించిన మెమ్రిస్టర్ (జ్ఞాపకముండే రెసిస్టర్) పేరులోనూ ఉంది. తెగిన తోక ప్రత్యయమై కూర్చుంది.

ఇక రేడియోకు ఆ పేరు రావడం మన పల్లెల పొరపాటేం కాదు. 1954లో ట్రాన్సిస్టర్ రేడియోలు అమెరికా అంగళ్లకు వచ్చాక ఇంగ్లీషువాళ్లూ "రేడియో" వదిలేసి ఉత్త ట్రాన్సిస్టర్ అనడం మొదలుపెట్టారు. సెల్‌ఫోన్‌ను మనం సెల్ అన్నట్టే. మా తాతకు మాత్రం సెల్లంటే చివరిదాకా ఎండకు పెట్టేదే.