పార్కింగులో బండి పడిపోయింది, లేపాక స్టార్ట్ కావడం లేదు

నీలిబండి:
పొద్దుటి నుంచి తల బద్దలవుతోంది. తెలిసినవారు ఎవరైనా చెప్పండి. నిలబెట్టి ఉన్న బండిని బయటికి తీస్తుంటే పక్కకు ఒరిగింది. పట్టుకోబోయాను, ఆగలేదు. చుట్టూ జనం. ఒకాయన ఫోను చూస్తూ నవ్వాడు. నన్ను చూసి నవ్వాడో, ఫోనులో ఏదో చూసి నవ్వాడో ఇప్పటికీ తెలియదు. ఇద్దరు పరుగెత్తుకొచ్చి లేపి స్టాండు వేసి వెళ్ళిపోయారు. అందరూ కదిలేదాకా ఫోను మాట్లాడుతున్నట్టు నటిస్తూ పక్కన నిలబడ్డాను. తర్వాత చూస్తే స్టార్ట్ కావడం లేదు. అన్నీ చూశాను, పెట్రోలు కూడా ఉంది. మెకానిక్ రేపు చూద్దామంటున్నాడు. రేపు మళ్ళీ అదే జనం మధ్యకు వెళ్ళి ఈ బండి ముందు నిలబడాలా?

స్పానర్:
ఏ వైపు పడింది? సెల్ఫ్ నొక్కితే ఇంజన్ తిరుగుతోందా, అసలు చప్పుడే లేదా? న్యూట్రల్ లైటు వెలుగుతోందా?

కార్బురేటర్ కాలం:
ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు, పెట్రోలు ఓవర్‌ఫ్లో అయింది. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ కింద గిన్నెలో ఒక తేలుడు బిళ్ళ ఉంటుంది. బండి నిటారుగా ఉన్నంతవరకే అది పెట్రోలు మట్టాన్ని అదుపులో పెడుతుంది. బండి పడుకుంటే పెట్రోలు ఇంజన్‌లోకి చేరి ప్లగ్గు తడిసిపోతుంది. చోక్ ముట్టుకోకండి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టండి, ఆపండి, మళ్ళీ కొట్టండి. వాసన గుప్పుమంటుంటే మాత్రం కాసేపు వదిలేయండి. అప్పటికీ కాకపోతే ప్లగ్గు విప్పి తుడవండి. ఇంత చిన్న పనికి ఈ రోజుల్లో అందరూ మెకానిక్కును పిలుస్తున్నారు. మా కాలంలో సీటు కింద ప్లగ్గు స్పానరు లేనివాడు బండి తీసేవాడే కాదు.

మూడోమలుపు:
కార్బురేటర్ కాలం గారూ, ఆయన బండికి కార్బురేటర్ ఉందని ఎవరు చెప్పారు? ఇప్పుడు వచ్చేవాటిలో చాలావరకు పెట్రోలును పంపుతో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షనే. వాటిలో తేలుడు బిళ్ళా ఉండదు, గిన్నే ఉండదు. చాలా ఇంజెక్షన్ బండ్లలో ఒరుగుదలను పసిగట్టే సెన్సర్ ఒకటి ఉంటుంది. బండి మరీ వాలిపోతే అది పెట్రోలు పంపును, ఇంజన్‌ను ఆపేస్తుంది. బండిని లేపినంత మాత్రాన మళ్ళీ పనిచేయదు. తాళంచెవి పూర్తిగా ఆఫ్ చేసి, కొన్ని సెకన్లు ఆగి ఆన్ చేయాలి. సీటు కింద నుంచి పంపు సన్నగా జుయ్‌మంటే సరే. అలాగే హ్యాండిల్ మీద ఇంజన్‌ను ఆపే ఎర్ర కిల్ స్విచ్ కూడా చూడండి. పడేటప్పుడో లేపేటప్పుడో ఎవరి చెయ్యో తగిలి ఆఫ్ అవుతుంది, ఎవరూ గమనించరు.

కార్బురేటర్ కాలం:
అది సెన్సర్ కాదు, స్విచ్. లోపల లోలకంలాంటిది ఊగుతుంది, అంతే. పేరు పెద్దది పెడితే ధర పెంచవచ్చని.

మూడోమలుపు:
కొన్నింటిలో లోలకం, కొన్నింటిలో ఎలక్ట్రానిక్ చిప్పు. రెండూ చేసే పని ఒకటే. ధర సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు.

నడుము భద్రం:
అసలు విషయం వదిలేసి అందరూ ఇంజన్ మీద పడ్డారు. ఆ ఇద్దరూ బండిని ఎలా లేపారు? చిన్న బండైనా వంద కిలోల దాకా ఉంటుంది, పెద్దవి కొన్ని 250 దాటతాయి. ముందుకు వంగి చేతులతో లాగితే భారమంతా నడుము మీదే. సిగ్గుతో, ఎవరూ చూడకముందే లేపేయాలన్న తొందరలో ఎక్కువమంది చేసేది ఇదే. ముందు తాళంచెవి ఆఫ్ చేయాలి. హ్యాండిల్‌ను పడిన వైపుకే పూర్తిగా తిప్పాలి. బండికి వీపు పెట్టి, పిరుదులు సీటు అంచుకు ఆనించి, ఒక చేత్తో కింది హ్యాండిల్ పిడిని, రెండో చేత్తో వెనక గట్టి కడ్డీని పట్టుకుని, కాళ్ళ బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవాలి. కుడి వైపు పడితే లేపే ముందే సైడు స్టాండు తీసి ఉంచాలి. లేకపోతే లేచిన ఊపులో బండి అవతలి వైపు పడుతుంది. అప్పుడు రెండు వైపులా గీతలు, రెండుసార్లు నవ్వులు. ముందో వెనకో జారుతుందనుకుంటే గేరులో వేసి లేపాలి.

నీలిబండి:
లేపడం పొద్దున్నే అయిపోయిందండీ, ఇప్పుడు నడుము సంగతి ఎందుకు? ఇంజెక్షన్ బండే. కిల్ స్విచ్ చూశాను, సరిగానే ఉంది. తాళంచెవి తీసి పెట్టి కూడా చూశాను. ఎడమ వైపు పడింది, క్లచ్ లివరు కొస విరిగింది. సెల్ఫ్ నొక్కితే టక్ అని కూడా అనడం లేదు. హారన్ మాత్రం మోగుతోంది. కాస్త ముందుకు తోద్దామంటే కదలడం లేదు, పడినప్పుడు బ్రేకు పట్టేసిందేమో. పడుతూ పక్క బండి అద్దాన్ని కూడా తిప్పేసింది. దాన్ని సరిచేసి పెట్టాను.

న్యాయంగా చూస్తే:
ఆగండి. పక్క బండికి తగిలిందా? ఇంత ముఖ్యమైన సంగతి చివరి వాక్యంలోనా? ఆ బండి ఆయనకు చెప్పారా? అద్దం తిప్పి పెట్టేస్తే సరిపోదు. దాని కాడ వంగి ఉండవచ్చు, ట్యాంకు మీద సొట్ట ఉండవచ్చు. చీటీ మీద ఫోను నంబరు రాసి సీటుకు అంటించి రావడం కనీస మర్యాద.

మూడోమలుపు:
ఆయన చెప్పలేదని మీకెలా తెలుసు? ముందు సొంత బండి కదలనివ్వండి.

న్యాయంగా చూస్తే:
చెప్పి ఉంటే రాసేవారు. రేపు మన బండిని ఎవరైనా గీకి వెళ్ళిపోతే ఇక్కడే వచ్చి అందరం గగ్గోలు పెడతాం కదా.

స్పానర్:
హారన్ మోగుతోంది, సెల్ఫ్ చప్పుడు లేదు, తోస్తే కదలదు. గేరులో ఉంది. న్యూట్రల్ లైటు సంగతి మొదటే అడిగాను.

మూడోమలుపు:
స్పానర్ గారు అన్నదే అయి ఉంటుంది. చాలా బండ్లలో సైడు స్టాండు కింద ఉండి, బండి గేరులో ఉంటే సెల్ఫ్‌కు కరెంటే వెళ్ళదు. స్టాండు మరిచిపోయి బయల్దేరకుండా పెట్టిన ఏర్పాటు అది. న్యూట్రల్‌లోకి తెచ్చి చూడండి. ఆపిన బండి గేరు ఒక్కోసారి సులభంగా రాదు. క్లచ్ పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ కొద్దిగా కదుపుతూ కాలితో తేలిగ్గా నొక్కండి. న్యూట్రల్‌లో కూడా మౌనంగా ఉంటే క్లచ్ లివరు మొదట్లో ఉండే చిన్న స్విచ్ చూడండి. కొన్ని బండ్లకు న్యూట్రల్‌లో ఉన్నా క్లచ్ నొక్కితేనే సెల్ఫ్ పనిచేస్తుంది. లివరు వంగితే ఆ స్విచ్ దాకా అందదు.

నెమ్మదిగా వెళ్దాం:
తమ్ముడూ, బండి సంగతి వీళ్ళు చూసుకుంటారు, నేను ఆ జనం సంగతి చెబుతాను. చాలాకాలం బండి నడిపినవాళ్ళలో నిలబెట్టిన బండిని ఎప్పుడూ పడేయనివాళ్ళు నాకింకా తగలలేదు. మేమంతా పడేశాం, కొందరం కొత్త బండిని షోరూము గుమ్మం ముందే పడేశాం. ఒక హద్దు దాటి ఒరిగిన బండిని బలంతో ఎవరూ ఆపలేరు. ఆపబోతే కాలు కింద పడుతుంది, లేదా వేడి సైలెన్సరు పిక్కను కాలుస్తుంది. వదిలేసి ఒక అడుగు వెనక్కి వేయడమే సరైన పని. అది చూసేవాళ్ళకు చేతకానితనంలా కనిపిస్తుంది, కనిపించనివ్వండి. రేపు వెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే "అవునండీ, పడింది" అని ఒక్క మాట అనండి. కథ చెప్పడం మొదలుపెడితేనే వాళ్ళకు గుర్తుండిపోతుంది. లేపిన ఇద్దరిలో ఎవరైనా కనిపిస్తే మాత్రం ఆగి పలకరించండి.

కార్బురేటర్ కాలం:
స్టాండు మెత్తటి నేల మీద వేసి ఉంటారు. ఎండకు మెత్తబడిన తారు అయినా అంతే, స్టాండు కొస దిగబడుతుంది. కింద ఒక చదునైన రేకు ముక్క పెట్టాలి. ఇది ఎవరూ చెప్పలేదు.

నడుము భద్రం:
బండిని తీసేటప్పుడు పడిందని ఆయన రాశారు, స్టాండు మీద ఉండగా కాదు.

కార్బురేటర్ కాలం:
"నిలబెట్టి ఉన్న బండి" అని కూడా రాశారు. మళ్ళీ చదవండి.

నీలిబండి:
స్టార్ట్ అయింది. గేరులోనే ఉంది. లేపినవాళ్ళలో ఒకరు జారకుండా వేసినట్టున్నారు. ఎండలో ఆ పచ్చ న్యూట్రల్ లైటు వెలుగుతోందో లేదో తెలియలేదు. థాంక్సండీ. చీటీ అంటించాను.

స్పానర్:
సరే. విరిగిన లివరుతో దూరం వెళ్ళకండి. హ్యాండిల్ నేరుగా పట్టుకున్నప్పుడు ముందు చక్రం పక్కకు చూస్తోందేమో గమనించండి. అలా ఉంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు బిగింపులు వదులు చేసి సరిచేయించాలి.

కార్బురేటర్ కాలం:
పొగ వచ్చిందా? పడినప్పుడు ఇంజన్ ఆయిలు ఎయిర్ ఫిల్టర్ వైపు పారుతుంది. కాసేపు నీలంగా పొగ వచ్చి తగ్గిపోతే భయం లేదు. తగ్గకపోతే ఫిల్టర్ విప్పి చూడండి, ఆయిలు మట్టం కూడా చూడండి.

న్యాయంగా చూస్తే:
చీటీలో ఏమి రాశారు?

కార్బురేటర్ కాలం:
నీలిబండి గారూ, పొగ సంగతి చెప్పలేదు. స్టాండు మెత్తటి నేల మీదేనా?