మల్టీమీటర్ 3 వోల్టులు చూపిస్తోంది, సైకిల్ కంప్యూటర్ బ్యాటరీ లేదంటోంది. దేన్ని నమ్మాలి?

పెడల్_పురాణం (విశాఖ)
నాది మామూలు వైర్‌లెస్ సైకిల్ కంప్యూటర్. హ్యాండిల్ మీద డిస్‌ప్లే, ముందు ఫోర్కుకి సెన్సార్, స్పోక్‌కి మాగ్నెట్. డిస్‌ప్లేకీ, సెన్సార్‌కీ సీఆర్2032 బటన్ సెల్లే. కొన్నాళ్లుగా స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు మిణుకుమిణుకుమంటోంది, మధ్యమధ్యలో స్పీడు సున్నా అయిపోతోంది. డిస్‌ప్లేలో కొత్త సెల్ వేశాను, గుర్తు పోలేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే పాత సెల్ 2.98, కొత్తది 3.21. పాతది కూడా దాదాపు మూడే కదా! లోపం సెల్‌లోనా, కంప్యూటర్‌లోనా? సెల్ మార్చేసరికి ఓడోమీటర్ (మొత్తం తిరిగిన కిలోమీటర్ల లెక్క) సున్నాకి వచ్చేసింది, ఆ కడుపుమంట వేరే.

ఓమ్స్_లా
ఆ 2.98ని చూసి మోసపోకండి. మల్టీమీటర్ లోపలి రెసిస్టెన్స్ మామూలుగా పది మెగా ఓములు ఉంటుంది. అంటే సెల్ నుంచి అది తీసుకునే కరెంటు లేనట్టే లెక్క. పని చెప్పకుండా అడిగితే ఏ సెల్ అయినా బాగానే ఉన్నానంటుంది. లిథియం బటన్ సెల్ వోల్టేజి దాని జీవితంలో ఎక్కువ భాగం మూడు దగ్గరే కూర్చుంటుంది, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. ఈలోగా పెరిగేది లోపలి రెసిస్టెన్స్. కొత్తదానిలో పది ఇరవై ఓములు ఉంటే, బాగా వాడినదానిలో వంద దాకా పోవచ్చు. రేడియో సిగ్నల్ పంపే క్షణంలో పది మిల్లీ ఆంపియర్లు లాగిందనుకోండి. వంద ఓముల సెల్‌లో ఒక వోల్టు అక్కడే పోతుంది. మీ 2.98 కాస్తా 1.98. కంప్యూటర్ చూసేది ఆ అంకెని. 220 ఓముల రెసిస్టర్ ఒకటి కొనుక్కోండి, సెల్‌కి అడ్డంగా ఒకటి రెండు సెకన్లు పెట్టి, అప్పుడు కొలవండి.

బెజవాడ_సైకిల్_షాపు
లెక్క బాగుంది కానీ, ఆయన కొత్త సెల్ వేసినా గుర్తు పోలేదని రాశారు కదా సార్, అది చదివారా? ఇలాంటివి నా దగ్గరికి ఎక్కువగానే వస్తాయి. మూత తెరిస్తే స్ప్రింగు మీద పచ్చగా చిలుము. మన ఎండలకి చెమట కారి, వాన నీళ్లు చేరి అలా అవుతుంది. ఇయర్‌బడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, స్ప్రింగుని కాస్త పైకి ఎత్తితే చాలాసార్లు దారికొస్తుంది. ఇంకోటి, 2032 బదులు 2025 వేసుకుని వస్తారు. అది 2.5 మిల్లీమీటర్ల మందమే, దీనిది 3.2. కుదుపు తగిలిన ప్రతిసారీ కాంటాక్ట్ పోతుంది. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్స్‌తోనూ ఇదే తలనొప్పి. ఎయిర్‌ట్యాగ్‌లో (వస్తువు ఎక్కడుందో చెప్పే బిళ్ల) అలాంటివి పనిచేయకపోవచ్చని ఆపిల్ వాళ్లే చెప్పారు.

చక్రం_తిప్పు
ఆ బ్యాటరీ గుర్తు డిస్‌ప్లేదా, సెన్సార్‌దా? మాన్యువల్ చూశారా?

ఓమ్స్_లా
షాపు గారూ, కాంటాక్ట్ అయినా, సెల్ అయినా చివరికి రెసిస్టెన్సే. నేను చెప్పినదాన్నే మీరు ఇయర్‌బడ్‌తో చెబుతున్నారు. లోడ్ పెట్టకుండా, అంటే సెల్ నుంచి కరెంటు లాగకుండా, వోల్టేజి చూడటం తప్పు అన్నది నా పాయింటు. దానికి జవాబు చెప్పండి.

బెజవాడ_సైకిల్_షాపు
జవాబు ఇదిగో. సర్క్యూట్‌లో సెల్ పక్కనే, కాస్త ఛార్జి దాచుకునే కెపాసిటర్ పెడతారు. సిగ్నల్ పంపే క్షణంలో కరెంటు చాలావరకు దాని నుంచి వస్తుంది, సెల్ మీద అంత దెబ్బ పడదు. మీ రెసిస్టర్‌తో రెండు సెకన్లు పిండితే పనికొచ్చే సెల్ కూడా చచ్చినట్టు కనబడుతుంది. అప్పుడు జనం దాన్ని తెచ్చి నా ముఖాన పడేస్తారు.

లంబసింగి_మంచు
డిసెంబరు తెల్లవారుజామున మా వైపు రైడుకి వస్తే ఇదే గొడవ. చలికి లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఎండెక్కాక గుర్తు దానంతటదే పోతుంది. ఆ చలి అంకె చూసి సెల్ పారేయకండి.

గొలుసు_నూనె
ఇన్ని లెక్కలెందుకు, జీపీఎస్ కంప్యూటర్ కొనేయొచ్చుగా.

ఓమ్స్_లా
వచ్చింది మహా సలహా. అందులో లిథియం అయాన్ బ్యాటరీ ఉంటుంది, నిండుగా 4.2, మామూలుగా 3.7. అక్కడ కూడా వోల్టేజి చూసి శాతం అంచనా వేసే మోడళ్లున్నాయి. సమస్య పోదు, బిల్లు పెరుగుతుంది.

షాపు గారికి: "ముఖాన పడేస్తారు" అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడుంది. ఒకసారి 300 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడు) ముందు రోజు ఒక షాపులో కొత్త సెల్ కొన్నాను. 20 గంటల్లో పూర్తిచేయాలి. అర్ధరాత్రి డిస్‌ప్లే ఆరిపోయింది. నేను కాగితం మీద రాసుకున్న రూటు, ఫలానా కిలోమీటరు దగ్గర ఎడమకి తిరగాలి అనే పద్ధతి. కిలోమీటర్లు తెలియక మలుపు దాటిపోయాను, కంట్రోల్ (దారిలో హాజరు వేయించుకునే చోటు) టైము పోయింది. సెల్ తీసుకెళ్లి అడిగితే షాపాయన మల్టీమీటర్ పెట్టి "మూడు చూపిస్తోంది కదా సార్, బాగానే ఉంది" అని పంపించేశాడు. ఖాళీ సెల్ కూడా మూడే చూపిస్తుందని ఆయనకి తెలియదనుకోవాలా?

బెజవాడ_సైకిల్_షాపు
ఆయనెవరో చేసిన దానికి నన్ను నిలబెడుతున్నారేంటి? మా వైపు కథ కూడా వినండి. మొన్న ఒకాయన మీటర్ జేబులో పెట్టుకుని వచ్చాడు. "మీ సెల్ 3.1 ఉంది, ఆన్‌లైన్‌లో 3.3 అన్నారు, పాత సరుకు అంటగట్టావు" అని నలుగురి ముందు అరిచాడు. ఆ మీటర్‌లో ఉన్న 9 వోల్టుల బ్యాటరీయే నీరసించి ఉంది, ఆ స్థితిలో చాలా మీటర్లు అడ్డదిడ్డంగా చూపిస్తాయి. ఎవరికి చెప్పను? ప్యాక్ చించి, చెమట చేత్తో పట్టుకుని, వాడి తెచ్చిన సెల్‌కి డబ్బులు వాపస్ ఇవ్వమంటారు. మీరు లోడ్ టెస్ట్ అనగానే నాకు వినిపించేది వాపస్ అనే మాట.

ఓమ్స్_లా
వాపస్ ఇవ్వాల్సిందే. సెల్ పనిచేయకపోతే నష్టం కొన్నవాడిదే ఎందుకవ్వాలి?

బెజవాడ_సైకిల్_షాపు
మీ కంప్యూటర్‌లో చిలుము ఉంటే నష్టం నాదెందుకవ్వాలి?

నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త తగ్గండి. ప్రశ్న అడిగినాయన ఎటు పోయారో చూద్దాం.

పెడల్_పురాణం (విశాఖ)
ఇక్కడే ఉన్నాను. చక్రం_తిప్పు గారు అడిగింది చూసి మాన్యువల్ తిరగేశాను. నా మోడల్‌లో ఆ గుర్తు సెన్సార్ బ్యాటరీదట. సెన్సార్ సెల్ తీసి కొలిస్తే ఊరికే 2.87, 220 ఓములు పెడితే 2.21కి పడిపోయింది. స్ప్రింగు శుభ్రంగానే ఉంది. కొత్తది వేశాక గుర్తు పోయింది, స్పీడు నిలకడగా ఉంది. ఓడోమీటర్ తిరిగి రాలేదు. కంప్యూటర్‌లో ఎక్కించడానికి, 700x25 టైరుకి చుట్టుకొలత 2105 మిల్లీమీటర్లు కదా?

చక్రం_తిప్పు
అవును, 2105. 28 టైరు వేస్తే 2136. పాత కిలోమీటర్లు చేత్తో ఎక్కించే ఆప్షన్ కొన్ని మోడళ్లలో ఉంటుంది, చూడండి. ఎల్ఐఆర్2032 అని రీఛార్జి సెల్ అమ్ముతారు, అది మాత్రం వేయకండి. ఛార్జి అయ్యాక 4.2 వోల్టులు ఉంటుంది, మూడు వోల్టుల సర్క్యూట్ పోతుంది.

ఓమ్స్_లా
2.87 నుంచి 2.21. అంటే లోపల సుమారు 65 ఓములు. షాపు గారు గమనించగలరు.

బెజవాడ_సైకిల్_షాపు
గమనించాను. కౌంటర్ మీదే, మీ కళ్ల ముందే, సెల్ అమ్మే ముందు లోడ్ పెట్టి చూపిస్తాను. చూసి తీసుకున్నాక వాపస్ లేదు. సరేనా? రెసిస్టర్ మాత్రం 470 ఓములది పెడతాను.

ఓమ్స్_లా
470 అయితే ఆరు మిల్లీ ఆంపియర్లే తీస్తుంది. ఈయన చచ్చిన సెల్‌ని దానితో కొలిస్తే 2.5 చూపించి పాసైపోయేది. 220 పెట్టండి.

బెజవాడ_సైకిల్_షాపు
220 పెడితే పదమూడు. ఏ సైకిల్ కంప్యూటర్ రెండు సెకన్లపాటు ఆగకుండా పదమూడు లాగుతుందో చూపించండి, అప్పుడు మారుస్తాను.