మూడేళ్ల పది నెలల వాడిని బడి మాన్పించి ఇంట్లో ఉంచుకున్నాం. బెంగళూరులో మీరెలా నెట్టుకొస్తున్నారు?

జేపీనగర్_అమ్మ

అందరికీ నమస్కారం. మాది తెనాలి, బెంగళూరు వచ్చి ఆరేళ్లయింది. బాబుకి ఆగస్టులో నాలుగు నిండుతాయి. పాపకి పద్నాలుగు నెలలు. ఈ జూన్‌లో బాబుని మా వీధి చివర ప్లేస్కూల్లో వేశాం. గేటు దగ్గర ఏడుపు మామూలే అన్నారు, సరే అనుకున్నాను. కానీ ఇంటికొచ్చాక మాట్లాడటం తగ్గించేశాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. పదకొండు రోజులు చూసి పన్నెండో రోజు పంపలేదు.

ఒకటో తరగతి దాకా ఇంట్లోనే చూసుకుందామని మావారు, నేను అనుకున్నాం. అనుకోవడం తేలికే. వర్క్‌షీట్లు ప్రింటు తీయించాను. తొమ్మిదికి అక్షరాలు, తొమ్మిదిన్నరకి అంకెలు, పదికి బొమ్మలు అని టైం టేబుల్ రాసి ఫ్రిజ్‌కి అంటించాను. రెండు రోజులు నడిచింది. మూడో రోజు ఆ టైం టేబుల్‌నే చింపి పడవ చేయమన్నాడు.

అత్తగారు రోజూ ఫోన్ చేసి "ఈరోజు ఏం నేర్చుకున్నాడు?" అంటారు. కందిపప్పు డబ్బాలో కారం గుమ్మరించడం నేర్చుకున్నాడని ఎలా చెప్పను?

మీ ఇళ్లలో రోజు ఎలా గడుస్తుంది? ఇద్దరిని వేసుకుని బయటికి ఎక్కడికి వెళ్తారు? వాడికి కారెక్కితే వాంతి, అది కూడా చూసుకుని చెప్పండి.

హిందూపురం_నాన్న

అక్కా, ఆ పడవ నీళ్లలో వేశారా లేదా? అది చెప్పండి ముందు.

నవ్వులాటకి కాదు. మా పాపకి ఐదేళ్లు, ఇంట్లోనే. నేను మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున డ్యూటీ నాది. టేబుల్ దగ్గర కూర్చోబెట్టి నేర్పింది ఏమీ లేదనే చెప్పాలి. రోజూ తొమ్మిదింటికి ఇద్దరం బస్‌స్టాప్‌కి పోతాం. ఎక్కం, ఊరికే నిలబడతాం. వచ్చే బస్సు బోర్డు చదవడమే మా ఆట. తెలుగు అక్షరాలు కొన్ని వచ్చాక కన్నడ బోర్డు సగం దానంతటదే వస్తుంది. గ, న, బ, ర, ల లాంటివి దాదాపు ఒకటే. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు లేస్తుంది, వాళ్లది అడ్డగీతలా పడుకుంటుంది, అంతే. క, త, శ మాత్రం వేరే రూపాలు, అక్కడ తికమక పడుతుంది. మా పాప మొదటిసారి సొంతంగా చదివింది "బనశంకరి"లో మొదటి రెండక్షరాలు. "నాన్నా, బన వచ్చింది" అని అరిచింది. పక్కన నిలబడిన కన్నడ ముసలాయన మిగతాది పూర్తి చేసి చెప్పాడు. అప్పటినుంచి ఆయన మాకు తాత.

ఎలాగూ ఇక్కడి బడుల్లో ఒకటి నుంచి కన్నడ ఒక భాషగా ఉండాలి, 2015లో చట్టమే చేశారు. కాబట్టి ఇదేమీ వృథా కాదు.

మారతహళ్ళి_అమ్మమ్మ

జేపీనగర్ అమ్మాయీ, మీ అత్తగారికి చెప్పు, పప్పులో కారం కలిపినవాడికి దాన్ని వేరుచేసే పని ఇచ్చానని. జల్లెడ చేతికివ్వు, అరగంట మాట్లాడడు. కారం కదా అంటావేమో, మా మనవడికి నేను బియ్యంలో పెసలు కలిపి ఇస్తాను. ఏరి రెండు గిన్నెల్లో పోయాలి. కూతురు ఆఫీసు కాల్‌లో ఉన్నంతసేపూ ఇదే పని.

చలికాలం రానీ. ఇక్కడ అవరెకాయలు గుట్టలు పోస్తారు చూడు, మన సీమలో అనపకాయలంటాం. గింజలు వలిచి రాత్రి నానబెట్టి పొద్దున పిల్లాడి ముందు పెట్టు. వేలితో నొక్కితే పప్పు చటుక్కున ఎగిరి పడుతుంది. మూడేళ్లవాడికి అంతకంటే ఆట లేదు. పితికిన పప్పు కూరా అయిపోతుంది, వేళ్లకి బలమూ వస్తుంది. వేళ్లలో పట్టు రాకుండా పెన్సిల్ ఇచ్చి వంకర అంటే వాడేం చేస్తాడు! నేను ముప్పై ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో చేశాను. ఒకటో తరగతిలో చేరేసరికి అక్షరాలు రాని పిల్లల్ని చూసి ఎప్పుడూ కంగారు పడలేదు. గుండీ పెట్టుకోలేని, తనంతట తను అన్నం తినలేని పిల్లల్ని చూస్తేనే కష్టమనిపించేది.

వామనగుంటలు కూడా కొనుక్కో. కన్నడవాళ్లు అళగుళి మణె అంటారు. పద్నాలుగు గుంటలు, మేము గుంటకి ఐదు చొప్పున చింతగింజలు పోస్తాం. లెక్క నువ్వు నేర్పక్కర్లేదు, ఓడిపోతున్నానన్న భయంతో వాడే ఎంచుకుంటాడు.

బొమ్మనహళ్ళి_కడప

పిన్నిగారూ, గింజల దగ్గర ఒక్క మాట. మా వాడు మూడేళ్లప్పుడు చింతగింజ ముక్కులో పెట్టుకున్నాడు. చెప్పలేదు. మూడో రోజు ఒక ముక్కు నుంచే చీమిడి, వాసన. నేను చిన్న చిమటాతో తీయబోతే ఇంకా లోపలికి పోయింది. చివరికి ఈఎన్‌టీ డాక్టరు తీశారు, నాకు నాలుగు చీవాట్లు పెట్టారు. వేళ్లతో, చిమటాలతో కెలకొద్దు, నేరుగా తీసుకురండి అన్నారు. బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ అయితే ఒక్క గంట కూడా ఆగొద్దట, అది లోపల చర్మాన్ని కాల్చేస్తుందట.

జేపీనగర్ గారికి పద్నాలుగు నెలల పాప ఉంది. నేల మీద ఏం దొరికినా నోట్లోకే పోతుంది. గింజల ఆట పాప పడుకున్నాకే పెట్టుకోండి. లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి లోపల పెట్టండి.

మారతహళ్ళి_అమ్మమ్మ

నిజమే నాయనా. పెద్దదాన్ని, నేనే చెప్పాల్సింది.

వైట్‌ఫీల్డ్_విశాఖ

ఏమీ అనుకోకండి, నేను కాస్త ఎదురు మాట్లాడతాను. మొదటి పాపని నేను ఏడాదిన్నర ఇంట్లోనే ఉంచాను. బస్సు బోర్డులు, పప్పులు, అన్నీ చేశాను. ఫోటోలు చూస్తే ముచ్చటగానే ఉంటాయి. ఆ ఏడాదిన్నరలో నేను ఒంటరిగా బాత్రూంకి వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మావారు రాత్రి తొమ్మిదికి వచ్చి "రోజంతా ఇంట్లోనేగా" అన్న రోజు నేను ప్లేటు నేలకేసి కొట్టాను. పాప చూసింది. మర్నాడు అది తన బొమ్మ ప్లేటు కొట్టింది.

తర్వాత వేరే చిన్న బడి వెతికాం. పన్నెండు మంది పిల్లలు, మొదటి వారం నన్ను లోపల కూర్చోనిచ్చారు. అక్కడ హాయిగా ఉంది పాప. అంటే మీ బాబుకి పడనిది ఆ ఒక్క చోటేనేమో, బడి అనేదే కాదేమో. మానేయడం తప్పనను, కానీ ఇంకో రెండు చోట్ల చూసి రండి. ఇంట్లో ఉంచితే మాత్రం వారానికి ఒక పూట మీదని మీవారితో ఇప్పుడే ఒప్పందం చేసుకోండి.

హిందూపురం_నాన్న

@వైట్‌ఫీల్డ్_విశాఖ ఆ "రోజంతా ఇంట్లోనేగా" డైలాగు నేనూ ఒకప్పుడు అన్నాను అక్కా. పొద్దున పాప డ్యూటీ నాకు పడ్డాక నోరు మూసుకున్నాను.

బసవనగుడి_ఇద్దరు

మేము పెద్దవాడిని రెండో తరగతి వయసు వరకు ఇంట్లో చదివించి తర్వాత బడిలో చేర్చాం, కాబట్టి వయసు లెక్కలు చెప్తాను. విద్యాహక్కు చట్టం, 2009 నాటిది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి. ఆరు లోపు మీరు బడికి పంపకపోతే అడిగేవాళ్లు చుట్టాలు తప్ప ఎవరూ ఉండరు. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరు నిండాలి. 2025-26లో ఆ ఒక్క ఏడాదికని ఐదేళ్ల ఐదు నెలలకి సడలించారు. ఇలాంటివి మారుతుంటాయి, అడ్మిషన్ ముందు ఏడాది నవంబరు నుంచే బడుల్లో అడుగుతూ ఉండండి. మీ బాబు ఆగస్టు పుట్టుక కాబట్టి ఆరు నిండే నిబంధనే ఉంటే వాడు ఆరేళ్ల తొమ్మిది నెలలకి ఒకటిలో కూర్చుంటాడు. బోలెడంత టైం ఉంది.

బడికే పంపకుండా ముందుకెళ్లాలనుకునేవాళ్లు ఎన్‌ఐఓఎస్ (కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూల్) దారి చూసుకుంటారు, పద్నాలుగు నిండితే అక్కడ పదో తరగతి పరీక్ష రాయొచ్చు. మేము అంత దూరం పోలేదు. మావాడే ఒకరోజు "నాకు క్రికెట్‌కి పదకొండు మంది కావాలి" అన్నాడు. చేర్చేశాం.

చేరినప్పుడు వెనకపడ్డాడా అని అందరూ అడుగుతారు. చదవడంలో లేదు. వరసలో నిలబడటం, గంట కొట్టేదాకా నీళ్లు తాగకుండా ఉండటం, వీటికి మూడు నెలలు పట్టింది. (రెండోది నేర్చుకోకపోయినా నాకు బాధలేదు.)

తెలుగు కథలకి స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి, ప్రథమ్ బుక్స్ వాళ్లది, మన బెంగళూరు సంస్థే. ఉచితం. ఫోన్లో చూపించకుండా నేను ప్రింటు తీసి కుట్టేస్తాను, ఎందుకంటే ఫోను చేతికిస్తే కథ అయ్యాక ఫోను మిగులుతుంది. పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండేళ్ల లోపు తెర అసలొద్దని, ఐదు లోపు రోజుకి గంట దాటొద్దని చెప్తుంది. మా ఇంట్లో వర్షం పడ్డ రోజు ఆ గంట రెండవుతుంది, అబద్ధం చెప్పను.

ఇక బయటికి తిరగడం. నాకు ఇష్టమైన సబ్జెక్టు, కాస్త పొడుగు రాస్తాను.

వాంతి వచ్చే పిల్లలకి మెట్రో దేవుడిచ్చిన వరం. జేపీనగర్ నుంచి గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగండి. ఏడున్నరకల్లా లోపల ఉండాలి, పదింటికి బయటపడాలి. మొత్తం 240 ఎకరాలు చూపించాలని పెట్టుకోకండి. ఒక్కసారికి ఒక్కటి చాలు. మేమైతే కెంపేగౌడ గోపురం ఉన్న రాతిగుట్ట. అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి. "డైనోసార్ల కంటే పెద్దదా?" అన్నాడు మావాడు. చాలా చాలా పెద్దదని చెప్పాను, వెంటనే దానిమీద కూర్చుని "నేను డైనోసార్ తాత మీద కూర్చున్నా" అని రోజంతా అదే. జనవరి, ఆగస్టు పూలప్రదర్శన రోజుల్లో మాత్రం చంటిపిల్లలతో వెళ్లొద్దు. వెళ్తే చేతి మీద పెన్నుతో ఫోన్ నంబరు రాయండి.

కబ్బన్ పార్కు ఆదివారం పొద్దున. లోపలి రోడ్లలో బండ్లు ఆపేస్తారు, చిన్న సైకిలు తోలుకోవచ్చు. బాలభవన్ బుల్లి రైలు నడుస్తోందో లేదో ముందు కనుక్కుని చెప్పండి పిల్లలకి, నేను చెప్పేసి తీసుకెళ్లి రైలు లేక అనుభవించాను. పక్కనే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం. డైనోసార్ దగ్గర కొందరు ఎగిరి గంతేస్తారు, మా చిన్నది జడుసుకుని నా మెడ వదల్లేదు. ప్లానిటేరియంలో నాలుగేళ్ల లోపు వాళ్లకి ఆ చీకటి పడదు. బయట సైన్స్ పార్కులో ఆడించి తీసుకొచ్చేయండి, అదీ సోమవారం కాకుండా, సెలవు. బన్నేరుఘట్టకి మంగళవారం సెలవు.

అన్నిటికంటే మా ఇంట్లో గుర్తుండేది కడలెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర. కార్తీకంలో చివరి సోమవారం, మా బసవనగుడి నందిగుడి దగ్గర. రోడ్డంతా వేరుశనక్కాయల గుట్టలే. చేలో పంట మేసేస్తున్న బసవన్నకి మొదటి కాయలు మొక్కుకున్నారని కథ. కిలోల లెక్క, చిల్లర లెక్క, పచ్చివీ వేయించినవీ తేడా, అన్నీ అక్కడే అయిపోతాయి. సాయంత్రం తొక్కిసలాట, పొద్దున ఎనిమిదికే రండి.

హిందూపురం_నాన్న

మేము బుడ్డలంటాం! మా పాప అంగడామెని "బుడ్డలు ఎంత?" అంటే ఆమె బిత్తరపోయింది.

జేపీనగర్_అమ్మ

పది రోజుల తర్వాత వస్తున్నాను, పాపకి జలుబు. అందరికీ పేరుపేరునా థాంక్స్.

లాల్‌బాగ్ వెళ్లాం. ఏడున్నరకి కాదు, తొమ్మిదింపావుకి. మెట్రోలో వాంతి కాలేదు! గుట్ట ఎక్కించి 300 కోట్ల ఏళ్లని మావారు గొప్పగా మొదలుపెట్టారు. వాడు వినలేదు. రాతి పగుల్లో చీమలు బిస్కెట్ ముక్క మోసుకుపోతున్నాయి, ముప్పావుగంట అక్కడే. మావారు మూడుసార్లు "ఇంక పద, గాజు ఇల్లు చూద్దాం" అన్నారు. నేనే వద్దన్నాను. తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఎదురు కూర్చున్నావిడకి చీమల గురించి మొత్తం చెప్పాడు, తెలుగులో. ఆవిడకి తెలుగు రాదు. ప్లేస్కూలు మాన్పించాక బయటివాళ్లతో వాడు మాట్లాడటం ఇదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, మాస్కు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

విశాఖ గారూ, శనివారం పొద్దున నాది అని ఒప్పందం అయింది. మొదటి శనివారం ఏం చేయాలో తోచక పడుకున్నాను. ఇంకో రెండు బడులు కూడా చూస్తున్నాం, తొందరేం లేదు.

ఫ్రిజ్ మీద ఇప్పుడు టైం టేబుల్ లేదు. అత్తగారు అడిగితే ఫోన్ వాడికే ఇస్తున్నాను. నిన్న ఆవిడకి చీమల కథ చెప్పాడు, ఆవిడ వాడికి తేలు కథ చెప్పారు, నలభై నిమిషాలు. నేను అంట్లు తోముకున్నాను.

ఒక్క ప్రశ్న. వచ్చే నెల అక్షరాభ్యాసం చేద్దామంటున్నారు. రాతి పలక, బలపాలు బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ పలకలే వస్తున్నాయి.

బసవనగుడి_ఇద్దరు

అవెన్యూ రోడ్డులో పుస్తకాల, స్టేషనరీ కొట్ల వరసలో అడగండి. "స్లేట్, బళప" అంటే చాలు. గాంధీ బజార్‌లో పూజసామాన్ల కొట్లలోనూ చూశాను.

మారతహళ్ళి_అమ్మమ్మ

కొనేటప్పుడు పలక అంచు చేత్తో తడిమి చూసుకో, చెక్క చీలికలు గుచ్చుకుంటాయి. బలపాలు తినేస్తుంటే మాత్రం తిట్టి ఊరుకోకమ్మా, డాక్టరుకి చెప్పు, రక్తం తక్కువైన పిల్లలు అలా తింటుంటారు. నా క్లాసులో ఏటా ఒకరిద్దరు ఉండేవాళ్లు.

బొమ్మనహళ్ళి_కడప

అవెన్యూ రోడ్డుకి వెళ్లేవాళ్లు నాకూ రెండు పలకలు తెచ్చిపెట్టండి, డబ్బులు పంపిస్తా. చింతగింజలవాడు ఒకటి పగలగొట్టేశాడు.