ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ క్రెసెండో క్లబ్ రికార్డింగ్: ఒక సీడీ తగ్గింది, ఏం చేయాలి?

జాజ్ బాగా వినేవాళ్ళు కాస్త సాయం చేయండి. 1961 మేలో హాలీవుడ్‌లోని క్రెసెండో నైట్‌క్లబ్‌లో అమెరికన్ జాజ్ గాయని ఎల్లా పది రాత్రులు పాడితే, ఆమె మేనేజర్ నార్మన్ గ్రాంజ్ రికార్డు చేయించారు. అప్పట్లో బయటికి వచ్చింది ఒక్క ఎల్పీ (వినైల్ రికార్డు) మాత్రమే. మిగతా టేపులు దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయాయి. చివరికి 1962 నాటి మరో రెండు రాత్రులతో కలిపి 2009లో నాలుగు సీడీల సెట్‌గా వచ్చాయి.

నేను ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ సెట్ కొన్నాను. పెట్టె తెరిస్తే మూడే సీడీలు! 1962 పాటలున్న సీడీయే లేదు. అమ్మినాయన ఫోన్ ఎత్తడం లేదు. చాలా బాధగా ఉంది, ఎందుకంటే మిగతా మూడూ వింటుంటే ఆమె మన పక్క టేబుల్ దగ్గరే నిలబడి పాడుతున్నట్టుంది. అప్పటికి ఆమెకు 44 ఏళ్ళు. లూ లెవీ పియానో మీద చిన్నగా ఏదో అందిస్తే చాలు, ఆమె దాన్ని పట్టుకుని స్కాట్‌లో (మాటలు లేకుండా ఉత్త శబ్దాలతో అల్లుకుంటూ పాడడం) ఎక్కడికో వెళ్ళిపోతుంది.

ఆ ఒక్క సీడీ విడిగా దొరుకుతుందా? లేక మళ్ళీ మొత్తం సెట్ కొనాల్సిందేనా? స్ట్రీమింగ్‌లో నాలుగు సీడీల పాటలూ పూర్తిగా ఉన్నాయా? పాత ఎల్పీ కూడా విన్నవాళ్ళుంటే, సౌండ్‌లో తేడా ఎలా ఉందో చెప్పండి.