రాష్ట్రపతి ఎన్నికలో మన ఎమ్మెల్యే ఓటు 132, పక్క రాష్ట్రానిది 159: ఇది న్యాయమేనా?

ఓరుగల్లు వాసి:
2012లో ప్రణబ్ ముఖర్జీ ఎన్నికైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుడి ఓటు విలువ 148. రాష్ట్రం విడిపోయాక 2017లోనూ, 2022లోనూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుడి ఓటు 159కి ఎక్కింది, తెలంగాణ శాసనసభ్యుడి ఓటు 132కు దిగింది. ఇద్దరికీ ఇచ్చేది అదే గులాబీ రంగు బ్యాలెట్టు, ఇద్దరూ రాసేది ఎన్నికల సంఘం చేతికిచ్చే ఊదా సిరా కలంతోనే. అలాంటప్పుడు ఒకరు మొదటి ప్రాధాన్యంగా వేసిన ‘1’ అంకెకు 27 తక్కువ కట్టడం ఏ సూత్రం ప్రకారం న్యాయమో తెలిసినవారు చెప్పాలి. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రానికి మొదటి రాష్ట్రపతి ఎన్నికలోనే ఇలా కోత పడటం నాకు మింగుడు పడటం లేదు.

లెక్కల మాస్టారు:
కోత ఎక్కడా పడలేదండీ. రాజ్యాంగం 55వ అధికరణ ప్రకారం రాష్ట్ర జనాభాను ఎన్నికైన శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. జనాభా అంటే 1971 నాటి లెక్క. తెలంగాణ ప్రాంతానికి ఆనాడు 1,57,02,122 మంది, 119 స్థానాలు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతానికి 2,78,00,586 మంది, 175 స్థానాలు. భాగించి చూడండి, 132, 159 వస్తాయి. మీ సభ మొత్తం విలువ 15,708, మా సభది 27,825. అంటే రెండు చోట్లా వెయ్యి మంది జనానికి ఒక్క ఓటే. జనాభాతో పోలిస్తే మీకు శాసనసభ్యులు ఎక్కువ కాబట్టి తలా కొంచెం తక్కువ వచ్చింది. వంద ఎకరాలను నలుగురు అన్నదమ్ములు పంచుకున్నా, ఐదుగురు పంచుకున్నా, పొలం వందెకరాలే కదా.

సిక్కిం శాసనసభ్యుడి ఓటు 7, ఉత్తరప్రదేశ్ శాసనసభ్యుడి ఓటు 208 అన్న సంగతి కూడా గమనించగలరు. సిక్కిం వారెవరూ దీన్ని అవమానమని రాయగా నేను చూడలేదు.

ఓరుగల్లు వాసి:
మాస్టారూ, పొలం సంగతి నేను అడగలేదు, అన్నదమ్ముల్లో ఒకడి సంగతి అడిగాను. ఉమ్మడి రాష్ట్రంలో ఒక ప్రభుత్వ శాఖలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. సీనియారిటీ జాబితా వెలువడిన ప్రతిసారీ నా పేరు ఎందుకు కిందికి జారిందని అడిగితే, మీలాగే ఒక అధికారి కాగితం ముందుకు జరిపి, ‘మొత్తం మీద మీ ప్రాంతానికి అన్యాయం జరగలేదు’ అని లెక్క చూపించేవారు. మొత్తాలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి. ఆ మొత్తంలో నేనెక్కడ ఉన్నానన్నదే నా ప్రశ్న.

ఒక పాఠకుడు:
రబ్బరు స్టాంపు కోసం ఇంత రగడ అవసరమా?

కూకట్‌పల్లి గృహిణి:
రబ్బరు స్టాంపు అన్నవారికి ఒక్క మాట. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆమోదించిన 42 శాతం బీసీ రిజర్వేషన్ల బిల్లులు చేరింది రాష్ట్రపతి దగ్గరకే. మంత్రిమండలి సలహా మీదే నిర్ణయం జరుగుతుందని నాకూ తెలుసు. అయినా 2006లో ఎంపీలు ఏయే ప్రభుత్వ పదవుల్లో ఉండొచ్చో చెప్పే లాభదాయక పదవుల బిల్లును కలాం గారు వెనక్కి పంపిన సంగతి మరచిపోలేం. పార్లమెంటు అదే బిల్లును మళ్లీ పంపితే ఆయన సంతకం చేయక తప్పలేదనుకోండి, కానీ ఎందుకు వెనక్కి వచ్చిందో ఈలోగా దేశమంతా చర్చించుకుంది.

వియన్నా తెలుగువాడు:
ఈ గుణకారాలన్నీ ఎందుకు, ప్రజలే నేరుగా ఎన్నుకుంటే సరిపోదా? నేనుంటున్న ఆస్ట్రియా కూడా తొమ్మిది రాష్ట్రాల సమాఖ్యే. ఇక్కడా పాలన ఛాన్సలర్‌దే, అధ్యక్షుడిది ఎక్కువగా అలంకార పదవే. అయినా 1951 నుంచి ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటున్నారు. 2016 మే నెలలో తుది పోటీ సుమారు 31 వేల ఓట్ల తేడాతో తేలింది. తపాలా ఓట్ల లెక్కింపులో నిబంధనలు పాటించలేదని రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఎన్నికను రద్దు చేసింది, డిసెంబరులో మళ్లీ జరిపారు. అలంకార పదవే కదా అని ఇక్కడ ఎవరూ తేలికగా తీసుకోలేదు.

లెక్కల మాస్టారు:
వియన్నా సోదరా, ఆ వాదన మన రాజ్యాంగ సభలోనే వచ్చింది. కె.టి. షా ప్రత్యక్ష ఎన్నిక కావాలన్నారు. దేశమంతా ఓటు వేసి ఎన్నుకున్న మనిషికి అసలు అధికారం ఇవ్వకపోవడం అసంబద్ధంగా ఉంటుందని నెహ్రూ వాదించారు. కోట్ల మంది ఓటుతో గెలిచిన రాష్ట్రపతికి, ప్రధానమంత్రికి పొసగని రోజు ఎలా ఉంటుందో మీరే ఊహించండి. అలాగని పార్లమెంటు ఒక్కటే ఎన్నుకుంటే రాష్ట్రాలకు పాత్రే ఉండదు. అందుకే రెంటినీ తూకం వేశారు. 2022లో అన్ని రాష్ట్రాల శాసనసభ్యుల ఓట్ల విలువ 5,43,231, పార్లమెంటు సభ్యులది 5,43,200. జమ్మూ కశ్మీర్‌లో అప్పుడు శాసనసభ లేకపోవడం వల్ల ఎంపీ ఓటు 708 నుంచి 700కు తగ్గింది. రాష్ట్రాల తట్టు ఎంత దిగితే కేంద్రం తట్టు కూడా అంతే దిగుతుంది.

అనంతపురం పాతకాపు:
విలువల తేడాలు తేలికైనవి కావని 1969 చూసినవారికి తెలుసు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి మా జిల్లా నీలం సంజీవరెడ్డి. ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలక రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాల్సి వచ్చింది. చివరికి స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650, అంటే ఈనాటి తెలంగాణ శాసనసభ మొత్తం విలువ కంటే కూడా తక్కువ. గెలిచినవాడూ తెలుగువాడే కాబట్టి మేము సగమే బాధపడ్డాం.

నల్లగొండ న్యాయవాది:
ఇంకో వింత కూడా ఉంది. ఎన్నికలో శాసనసభ్యులకు ఓటు ఉంది గానీ, 61వ అధికరణ కింద రాష్ట్రపతిని తొలగించే అభిశంసనలో వారికి పాత్ర లేదు. అదే నామినేటెడ్ ఎంపీలకు ఎన్నికలో ఓటు లేదు, తొలగింపులో ఉంది.

కూకట్‌పల్లి గృహిణి:
మాస్టారి లెక్కలో తప్పు లేదు, కానీ ఆ లెక్కలో నేనెక్కడ ఉన్నానో చూడండి. నేను 1966లో తెనాలిలో పుట్టాను. 1971 జనాభా లెక్కల్లో మా ఇంటి గడపలో నిలబడి మా అమ్మ చెప్పిన పేర్లలో నాదీ ఒకటి. 1983లో పెళ్లయి హైదరాబాద్ వచ్చాను. ఓటు హక్కు వచ్చినప్పటి నుంచి ఇక్కడే ఓటు వేస్తున్నాను, ఇంటి పన్ను ఇక్కడే కడుతున్నాను, నా పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. కానీ రాష్ట్రపతి ఎన్నిక వచ్చేసరికి నేను ఇప్పటికీ తెనాలిలో ఐదేళ్ల పిల్లనే. నా తలకు దక్కే వెయ్యోవంతు ఓటు ఆంధ్రప్రదేశ్ ఖాతాలో పడుతోంది. నా పిల్లలైతే ఏ ఖాతాలోనూ లేరు.

ఓరుగల్లు వాసి:
అమ్మా, మీరు చెప్పాకే 2011 లెక్కలతో భాగించి చూశాను. తెలంగాణ 3.50 కోట్లు, 119 స్థానాలు: సుమారు 294. ఆంధ్రప్రదేశ్ దాదాపు 4.95 కోట్లు, 175 స్థానాలు: సుమారు 283. అంటే సక్రమంగా లెక్కిస్తే మా శాసనసభ్యుడి ఓటే పెద్దది! మాస్టారు ఈ మాట ఎందుకు దాచారో చెప్పాలి.

లెక్కల మాస్టారు:
నేను దేన్నీ దాచలేదు. మీరు గుర్తించని సంగతి ఒకటుంది: మీ 294 ఒంటరిగా రాదు. అదే 2011 లెక్కతో ఉత్తరప్రదేశ్ శాసనసభ్యుడి ఓటు 496 అవుతుంది, కేరళది 239. 1971 లెక్కన ఉత్తరప్రదేశ్ సభ మొత్తం విలువ కేరళకు నాలుగు రెట్లకు కొంచెం తక్కువ. 2011 లెక్కన దాదాపు ఆరు రెట్లు. మా ఊరి ఆరోగ్య కేంద్రం గోడ మీద ఎర్ర త్రిభుజం, దాని కింద ‘చిన్న కుటుంబం చింత లేని కుటుంబం’ అన్న రాత ఉండేవి. అది చదివే మేము ఇద్దరితో ఆపాం. ఆపినందుకు ఇప్పుడు మాకు తక్కువ తూకం వేస్తారా? రాజ్యాంగ 42వ సవరణ 1976లో ఆ 1971 లెక్కను స్తంభింపజేసిందీ, 84వ సవరణ దాన్ని 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించిందీ ఇందుకే.

ఓరుగల్లు వాసి:
నిన్నటి దాకా ‘ఇది కేవలం భాగహారం’ అన్నది మీరే. భాగహారం మీకు ఎదురు తిరగగానే ఎర్ర త్రిభుజం గుర్తొచ్చింది. మా 27 గురించి అడిగితే నవ్వారు, మీదాకా వస్తే ఏడుస్తున్నారు.

లెక్కల మాస్టారు:
నేను నవ్వలేదు. పెద్దవాడినన్న గౌరవమైనా లేకుండా మాట్లాడటం మీకు తగదు.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు తగవు. విషయం మీదే మాట్లాడగలరు.

కూకట్‌పల్లి గృహిణి:
మీరిద్దరూ అంకెల గురించి పోట్లాడుతున్నట్టు కనిపిస్తోంది గానీ, అసలు పేచీ వేరే ఉంది. రాష్ట్రపతి మనుషులకు ప్రతినిధా, రాష్ట్రాలకు ప్రతినిధా? మనుషులకైతే నన్ను నేనున్న చోట, ఈనాడు లెక్కించాలి. ఉత్తరప్రదేశ్‌లో పుట్టిన పిల్లను కూడా అలాగే లెక్కించాలి, ఆమె తల్లిదండ్రులు గోడ మీది రాత చదవలేదని ఆమెను తగ్గించకూడదు. రాష్ట్రాలకైతే సిక్కిం 224, ఉత్తరప్రదేశ్ 83,824 అన్న లెక్కే తప్పు, అన్నిటికీ సమానంగా ఇవ్వాలి. మాస్టారు మాత్రం మనుషులనే లెక్కిస్తామంటూ, యాభై ఏళ్ల కిందటి మనుషులను లెక్కిస్తున్నారు.

లెక్కల మాస్టారు:
అమ్మా, మీ ప్రశ్నకు సమాధానం నా దగ్గర సిద్ధంగా లేదని ఒప్పుకుంటున్నాను. రాజ్యాంగం ‘వీలైనంత వరకు’ అన్న మాట వాడి రెండు పడవల మీదా కాలు వేసింది. జనగణన 2027 మార్చి నాటికి పూర్తవుతుందంటున్నారు, ముర్ము గారి పదవీకాలం ఆ జూలైలో ముగుస్తుంది. ఆలోగా అంకెలు ప్రచురితం కాకపోతే ఇంకో ఎన్నిక కూడా 1971 మీదే జరుగుతుంది.

ఓరుగల్లు వాసి గారికి మాత్రం ఒక లెక్క. విభజన చట్టంలో చెప్పినట్టు మీ స్థానాలు 153కు, మావి 225కు పెరిగితే, అదే 2011 జనాభాతో మీ శాసనసభ్యుడి ఓటు 294 నుంచి 229కి దిగుతుంది. అప్పుడు కూడా కోత పడిందనే అంటారా?

ఓరుగల్లు వాసి:
మీది ఎంతకు దిగుతుంది?

లెక్కల మాస్టారు:
సుమారు 220.

ఓరుగల్లు వాసి:
అయితే నాకు అభ్యంతరం లేదు.