చెల్లని రూపాయికి గీతలెక్కువ: ఏ గీతలు?

ఈ సామెతలో గీతలంటే నాణెం అంచున గరుగ్గా తగిలే గీతలేనని చాలామంది తేల్చేస్తున్నారు, నాకైతే అది అతకడం లేదండీ. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి పెట్టింది, తులం బరువు, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. అంచు గీతలు యంత్రం మీద పడేవి. మట్టి అచ్చులో సత్తో సీసమో కరిగించి పోసేవాడు సరిగ్గా అక్కడే దొరికిపోతాడు, బొమ్మ ఎలాగోలా దిగుతుంది గానీ అంచు మొద్దుగా వస్తుంది. ఆ లెక్కన దొంగ రూపాయికి గీతలు తక్కువే ఉండాలి కదా!

నా ఉద్దేశంలో ఇవి షరాబు, అంటే నాణేలు పరీక్షించి మార్చే వ్యాపారి, పెట్టిన గాట్లు. 1835కు ముందు ఆర్కాటు రూపాయి, సూరతు రూపాయి, బెంగాల్ సిక్కా అంటూ రకరకాలు తిరిగేవి, దేనికెంత వట్టం (మారకంలో కోత) పట్టాలో షరాబే చెప్పాలి. అనుమానం వస్తే బండ మీద వేసి మోత వింటాడు, గీటురాయి మీద రుద్దుతాడు, అప్పటికీ తేలకపోతే గాటు పెట్టి వెండి పూత కింద రాగి ఉందేమో చూస్తాడు. మంచి రూపాయిలకీ షరాబు ముద్రలు పడేవి, ఆ కాలపు నాణేల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. కానీ మోత తేడాగా ఉన్నదాన్ని ఎవరూ ఉంచుకోరు, వదిలించుకుంటారు, చేయి మారినచోటల్లా ఇంకో గాటు.

వదిలించుకోవడం కూడా అప్పట్లో తేలికేం కాదు. 1860 శిక్షాస్మృతి 241వ సెక్షన్ ప్రకారం, తెలియక పుచ్చుకున్న దొంగ నాణేన్ని సంగతి తెలిశాక ఇంకొకరికి అంటగడితే రెండేళ్ల దాకా జైలు, లేదా నాణెం విలువకు పదిరెట్ల దాకా జరిమానా, లేదా రెండూ పడేవి. పోనీ నిజాయితీగా ఖజానాలో కడదామంటే, 1906 నాణేల చట్టం వచ్చాక అక్కడ అది దొంగదనిపిస్తే ముక్కలు చేసేవారు, ఆ ముక్కలు తిరిగిస్తారో లేదో వాళ్లిష్టం. ధాన్యం అమ్మి తెచ్చుకున్న డబ్బులో అలాంటిది ఒక్కటి ఉన్నా, శిస్తు కట్టే రోజు ఆ రూపాయి రైతు నెత్తినే పడేది.

ఇప్పుడీ సామెతను సరుకు లేకుండా ఆర్భాటం చేసేవాడి మీద వాడుతున్నాం. గాట్లే అనుకుంటే అర్థం వేరే వైపు తిరుగుతుంది, నమ్మకం పోయినవాణ్ణి ప్రతివాడూ పరీక్షిస్తాడని. మీ ఇళ్లలో పెద్దవాళ్లు దీన్ని ఏ సందర్భంలో అనేవారో కాస్త రాయండి.