కుత్స్యా గిన్నె పక్కన టారో కార్డులు: బెలారుస్ పండగకి ఇది అవసరమా?

విటెబ్స్క్ మెడికో:
ఇక్కడ జనవరి 6 రాత్రి కల్యాడీ (బెలారుస్‌లో క్రిస్మస్ రోజుల్లో చేసే పండగ) పేరు చెప్పి ఒక కేఫేలో ప్యాకేజీ పెట్టారు. ద్రానికీ (ఆలూ తురుముతో వేసే అట్లు), మచాంకా (మాంసం గ్రేవీ), చివర్లో కుత్స్యా (ఉడికించిన యవలతో చేసే తీపి వంటకం), పక్క టేబుల్లో టారో కార్డులు చూసి జోస్యం చెప్పే ఆవిడ. ఇది పండగని అమ్ముకోవడమే అంటాను. జోస్యం పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది, కాదనను. కానీ అది తిండిగింజలతో, ఇంట్లోవాళ్ల మధ్య ఆడుకునే ఆట. పెళ్లికాని అమ్మాయిలు తలా ఒక గింజల కుప్ప పోసి కోడిపుంజుని వదిలేవారు. ముందు ఎవరి కుప్ప పొడిస్తే వాళ్లకే ముందు పెళ్లి. బల్ల మీది గుడ్డ కింద ఎండుగడ్డి పరిచి, చూడకుండా పోచ లాగేవారు. పొడుగుది వస్తే ఆ ఏడు అవిసె పంట ఏపుగా పెరుగుతుందని లెక్క.

రాజమండ్రి రాణి:
తమ్ముడూ, మిన్స్క్‌లో తొమ్మిదో అంతస్తుకి పుంజుని ఎవరు మోసుకెళ్తారు? దేశ జనాభా సుమారు 90 లక్షలైతే 20 లక్షల దాకా ఆ ఒక్క ఊళ్లోనే ఉన్నారు. సోవియట్ రోజుల్లో క్రిస్మస్‌కి సెలవే లేదు. అమ్మమ్మ దగ్గర నేర్చుకోని పిల్లలు కేఫేలోనైనా కుత్స్యా రుచి చూస్తున్నారుగా. కార్డుల సరదా కోసం వచ్చినా నష్టమేంటి?

పెరుగట్టు:
జోస్యం సంగతి తర్వాత. ద్రానికీలో పిండి దండిగా కలిపే కేఫేల మీద ముందు కేసు పెట్టాలి.

రిటైర్డ్ మాస్టారు:
రాణి గారూ, రుచి చూపించేవాళ్లు సరిగ్గా చూపించాలి కదా. ఆర్థడాక్స్ క్రిస్మస్ జనవరి 7న, కాబట్టి ముందురోజు 6 ఉపవాసపు రాత్రి. మచాంకా అంటే పంది మాంసంతో చేసే చిక్కటి గ్రేవీ, దానికి ఆ రాత్రి చోటే లేదు. మాంసం పెట్టే కుత్స్యా విందు 13న. ఉడికించిన యవల్లో తేనె, గసగసాలు కలిపి, ఇంటి పెద్ద కిటికీ దగ్గరికెళ్లి "మంచూ, మంచూ, వచ్చి కుత్స్యా తిను" అని పిలుస్తాడు. ఇప్పుడు కడుపు నిండితే ఎండాకాలం పైరు జోలికి రాదని. ఇంత ముచ్చటైన తంతు వదిలేసి కార్డులెందుకు? ఆర్థడాక్స్ చర్చి మాత్రం ఏ జోస్యాన్నీ ఒప్పుకోదు, అది వేరే సంగతి.

రాజమండ్రి రాణి:
తేదీ విషయంలో మీరన్నది నిజమే మాస్టారూ. కానీ పల్లెలన్నీ పచ్చగా ఉన్నట్టు మాట్లాడకండి. సెమెజవా అనే బెలారుస్ పల్లెలో కుర్రాళ్లు రాజుల వేషాలతో ఇల్లిల్లూ తిరిగే కల్యాడీ ఆచారాన్ని 2009లో యునెస్కో తక్షణం కాపాడాల్సిన జాబితాలో పెట్టింది. కుర్రాళ్లు ఊళ్లు వదిలి నగరాలకి పోతుంటే, పండగ కూడా నగరానికి రావాల్సిందే.

విటెబ్స్క్ మెడికో:
రావాలక్కా, వద్దనట్లేదు. కానీ ఆ రాత్రి మా క్లాస్‌మేట్‌కి "ఈ ఏడు దగ్గరివాళ్లు దూరమవుతారు" అని చెప్పి డబ్బు తీసుకుంది ఆవిడ. పిల్ల టెన్షన్‌తో కుత్స్యా ముట్టనే లేదు. పుంజు తన కుప్ప పొడవలేదని ఏ అమ్మాయైనా అన్నం మానేస్తుందా?

పెరుగట్టు:
ఆ మిగిలిన కుత్స్యా ఎవరు తిన్నారు?